దీపాల ఫొటోలు ఫ్లాష్ లేకుండా ఎలా వచ్చాయంటే

దీపావళికి మా అరుగు మీద ప్రమిదలు పెట్టి చిన్న కాంపాక్ట్ కెమెరాతో తీస్తే, ఆటోలో ఫ్లాష్ దానంతటదే వెలిగి దీపాలన్నీ పగల్లాగా అయిపోయేవి, ఫ్లాష్ ఆపితే మొత్తం అలికేసినట్టు వచ్చేది. నైట్ సీన్ మోడ్, దూరం నుంచి జూమ్, తర్వాత ఫోన్‌లో ఎడిటింగ్, ఏదీ పనిచేయలేదు.

చివరికి డయల్‌ని పీ మోడ్‌కి (వెలుతురు లెక్క కెమెరానే చూసుకుంటుంది, మిగతావి మనం మార్చుకోవచ్చు) తిప్పి ఫ్లాష్ ఆపేశా. తర్వాత జూమ్ పూర్తిగా వెనక్కి లాగేసి నేనే దగ్గరికెళ్ళా, అసలు కిటుకు ఇక్కడే ఉంది, ఎందుకంటే నా కెమెరాలో జూమ్ లేనప్పుడు అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్ 2.8 (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), కొంచెం జూమ్ చేయగానే 5.6 అయిపోతుంది, అంటే వెలుతురు నాలుగో వంతే లోపలికొస్తుంది, ఇన్నాళ్ళూ నేను చేసిన తప్పు అదే. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా సున్నితత్వం, 400 పెట్టా, 1600 పెడితే ఇసక చల్లినట్టుంది. ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 1కి దించితే తెల్లటి ముద్దగా వచ్చే మంట మంటలాగే వచ్చింది. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్‌లో పెట్టా, ఆ పసుపు పోకూడదని. షట్టర్ తెరుచుకుని ఉండే సమయం 1/8 సెకను చూపించింది, చేతిలో పట్టుకుంటే కుదరదు, అందుకని మడతపెట్టిన తువ్వాలు మీద కెమెరా పెట్టి 2 సెకన్ల టైమర్‌తో తీశా.

మీ కెమెరాలో అంకెలు వేరే ఉండొచ్చు. కదలని దీపాలకి సరిపోయింది గానీ కాకరపువ్వొత్తి తిప్పే పిల్లలకి మాత్రం ఇది పనికిరాలేదు, మా వాడు ఇంకా దెయ్యంలాగే ఉన్నాడు ఫొటోలో.