అక్సుం నాణెం చేతికొస్తే చింతపండు దూరం పెట్టండి

రాగి చెంబు నల్లబడితే చింతపండుతో రుద్దడం మన గోదావరి ఇళ్లలో అలవాటే. అక్సుం నాణేనికి మాత్రం అంతకు మించిన కీడు లేదు. నేటి ఇథియోపియా, ఎరిత్రియా నేలను ఏలి, ఎర్ర సముద్రం ఒడ్డున అదూలిస్ రేవు నుంచి వర్తకం చేసిన ఈ రాజ్యం సుమారు క్రీ.శ. 270 నుంచి 7వ శతాబ్దం మొదటి భాగం దాకా బంగారం, వెండి, రాగి నాణేలు వేసింది. కొన్ని వెండి, రాగి నాణేల మీద రాజు తల చుట్టూనో, శిలువ నడుమనో పిసరంత బంగారు పూత కనిపిస్తుంది. పులుపు తగిలితే కింది లోహం కరిగి ఆ పూత లేచిపోతుంది. పోయిందంటే మళ్లీ రాదు. మట్టి వదలాలంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో మెల్లగా తీయండి. పూత ఉన్నచోట బ్రష్ కూడా వద్దు.

బంగారు నాణేన్ని ముందు తూచండి. 0.01 గ్రాము చూపే కంసాలి కాటా కావాలి. తొలి రాజు ఎండుబిస్ నాణెం దాదాపు 2.7 గ్రాములు, అంటే కాసులో మూడో వంతు. రోమన్లు కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో తమ నాణేల తూకం మార్చాక అక్సుం కూడా తగ్గించి, ఎజానా రాజు కాలానికి సుమారు 1.6 గ్రాములకు తెచ్చింది. తూకం బాగా తేడాగా ఉండి, అంచున అతుకు గీత, పైన బుడగల గుంటలు కనిపిస్తే అది అచ్చులో పోసిన నకిలీయే.

తర్వాత భూతద్దం పట్టండి. రాజు తలపైన నెలవంక, బిళ్ల ఉంటే ఎజానా క్రైస్తవం పుచ్చుకోకముందుది, శిలువ ఉంటే తర్వాతది. రాజు బొమ్మకు ఇరువైపులా ఉన్న కంకులను వరి అనుకోకండి, అవి గోధుమ లేదా బార్లీ. బంగారం మీద గ్రీకు లిపి ఉంటుంది, ఎందుకంటే అది పరదేశ వర్తకానికి. రాగి మీద పోనుపోను స్వదేశపు గీజ్ లిపి వచ్చింది. రాజు పేరు లేని కొన్ని రాగి నాణేల మీద గ్రీకులో ‘ఇది ప్రజలకు నచ్చుగాక’ అని ఉంటుంది. అంత చిన్న బిళ్ల మీద అంత మంచి మాట! మన దేశంలో దొరికిన అక్సుం బంగారు నాణేలకు మెడలో వేసుకోవడానికి పొడిచిన బెజ్జాలు కనిపిస్తాయి. బెజ్జం ఉందని నకిలీగా కొట్టిపారేయకండి.

దాచడమే డెల్టాలో అసలు కష్టం. కోనసీమ ఉప్పుగాలికి రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి లేస్తుంది. గోటితో తాకితే రాలే ఆ పొడి, లోపలి క్లోరైడు తేమతో కలిసి రాగిని తినేస్తోందనడానికి గుర్తు. అలాంటిదాన్ని వెంటనే వేరు చేయండి. మిగతావాటిని తేమ పీల్చే సిలికాజెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, వానాకాలంలో జెల్ మారుస్తూ ఉండండి. పీవీసీ కవర్లు వద్దు, వాటినుంచి జిగురు కారి నాణేన్ని పాడుచేస్తుంది.

చెరువు తవ్వుతుంటే పాత నాణేలు బయటపడితే ఇంట్లో పెట్టుకోకూడదు. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దొరికిన చోటు, లోతు అప్పుడే రాసిపెట్టుకోండి.