ముందు రాత, తర్వాతే మాట: ఆఫీసు సమస్యను విప్పే పద్ధతి

మీటింగ్‌లో "అందరూ ఐడియాలు చెప్పండి" అనగానే ఏం జరుగుతుందో తెలిసిందే. మేనేజరు ఒకటి చెబుతారు, ఇద్దరు సీనియర్లు దానికే ఇంకాస్త కలుపుతారు, కొత్తగా చేరినవాళ్లు తలూపుతారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే, నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే, విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపితే దాదాపు రెట్టింపు ఐడియాలు తేలాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆ ఆగడంలోనే తట్టింది కాస్తా జారిపోతుంది. వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2025 నివేదికలో కంపెనీలు కోరే ముఖ్య నైపుణ్యాల్లో విశ్లేషణ మొదటిది, సృజనాత్మక ఆలోచన నాలుగోది. రెండూ సాధనతో వచ్చేవే.

సమస్యను రెండు వాక్యాల్లో రాయండి

ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్ అనుకుందాం. "మనుషులు చాలడం లేదు" అని రాస్తే అందులో పరిష్కారం అప్పుడే దూరిపోయింది, ఇంకో ఇద్దర్ని తీసుకోవడం తప్ప దారి కనబడదు. ఇలా రాయండి: "సాయంత్రం 6కి ఇస్తామన్న రక్తపరీక్ష రిపోర్టులు 8 దాటాక వెళ్తున్నాయి. ఉదయం 9 లోపు తీసిన శాంపిళ్ల రిపోర్టులు మాత్రం వేళకే వెళ్తున్నాయి." ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నవి ఉండాలి. ఎవరి పేరూ ఉండకూడదు. సగం గుట్టు రెండో వాక్యంలోనే ఉంది. సమస్య ఎక్కడ రావడం లేదో రాస్తే వెతకాల్సిన చోటు తగ్గిపోతుంది. మెషీన్, మనుషులు రెండు పూటలా ఒకటే అయితే తేడా మరెక్కడో ఉన్నట్టు.

తర్వాత కుర్చీలోంచి లేచి చూడాలి. ఓ 20 శాంపిళ్లు తీసుకుని ప్రతి మజిలీలో టైము రాయండి: రక్తం తీసింది, బైక్ ఎక్కింది, ల్యాబ్ చేరింది, మెషీన్‌లో పెట్టింది, డాక్టరు సంతకం అయింది. టయోటాలో వాడుకలోకి వచ్చిన "ఐదు ఎందుకు"లు ఇక్కడ పనికొస్తాయి. రిపోర్టు ఎందుకు ఆలస్యం? మెషీన్‌లో పెట్టేసరికి 5 దాటింది. ఎందుకు? బైక్ 4:45కి వచ్చింది. ఎందుకు? శాంపిళ్లు తీసే చివరి సెంటర్‌లో 4 దాకా ఆగింది. ఎందుకు? మధ్యాహ్నం ఒకటే ట్రిప్పు. అదెందుకు? రెండే సెంటర్లున్నప్పుడు వేసిన రూటు అది, ఇప్పుడు ఐదయ్యాయి.

జవాబు "నిర్లక్ష్యం" దగ్గర ఆగితే ఆ గొలుసు పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టండి. ప్రతి జవాబుకూ కంటితో చూసిందో రిజిస్టర్‌లో ఉన్నదో ఆధారం ఉండాలి. ఐదు అన్నది లెక్క కోసమే. మూడింట తేలొచ్చు, ఒక్కోసారి రెండు పాయలుగా చీలొచ్చు.

ఆరుగురు, మూడు ఐడియాలు, ఐదు నిమిషాలు

1968లో జర్మనీకి చెందిన బెర్న్‌డ్ రోర్‌బాక్ ప్రకటించిన పద్ధతి ఇది. ఆరుగురికి తలా ఒక ఏ4 కాగితం ఇవ్వండి. దాని మీద మూడు నిలువు గళ్లు, ఆరు వరసలు. పైన అందరికీ అవే సమస్య వాక్యాలు. ఐదు నిమిషాల్లో మొదటి వరసలో మూడు ఐడియాలు రాసి కాగితం కుడిపక్కవారికి ఇవ్వాలి. వచ్చిన కాగితంలో పైవి చదివి, వాటిని పెంచవచ్చు, తిప్పవచ్చు, పూర్తిగా కొత్తదీ రాయవచ్చు. ఆరు రౌండ్లు, అరగంట. లెక్క ప్రకారం 108 ఐడియాలు. ఒకేలాంటివి తీసేస్తే చాలా తక్కువే మిగులుతాయి, దానికి బెంగ పడొద్దు.

మొదటి రౌండులో అందరికీ తెలిసినవే వస్తాయి. అవి బయటికి పోయాకే కొత్తవి పుడతాయి కాబట్టి రెండో రౌండు తర్వాత "చాల్లే" అని ఆపకండి. "ఆటోమేషన్" అని ఒక్క మాట రాస్తే పక్కవారికి దాన్ని ఏం చేయాలో తోచదు. ఎవరు, ఎక్కడ, ఏం చేయాలో క్రియాపదంతో రాయాలి. ఇంగ్లీషులోనే రాయాలని పట్టుబట్టొద్దు. పేర్లు వద్దు. మేనేజరు చేతిరాతను అందరూ గుర్తుపడతారు కాబట్టి ఆయన గడియారం చూసే పని పెట్టుకోవడం మేలు. చాట్‌బాట్‌ను అడగాలంటే కాగితాలు నిండాకే అడగండి. ముందే అడిగితే అందరూ అది చెప్పినదాని చుట్టూనే తిరుగుతారు.

ఇంకా ఇరుక్కుంటే, మీ రంగం మాటలు తీసేసి పనిని మాత్రమే రాయండి. "శాంపిల్ పికప్" బదులు "చెడిపోయే వస్తువును చాలాచోట్ల నుంచి ఒక చోటికి వేళకి చేర్చడం" అని రాస్తే పాల సేకరణ వాళ్లు గుర్తొస్తారు. తెలంగాణలో ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం చేసింది దాదాపు ఇదే. ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి తిప్పాల్సి వచ్చే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి 1992లో యంత్రం మొదలుపెట్టారు. కదలికలను విడదీసి ఒక్కోటీ సాధిస్తూ వచ్చారు. చివరి చిక్కు హైదరాబాద్‌లో చూసిన మరో యంత్రం కదలికతో వీడి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చిన్నగా పరీక్షించండి

పై అనుమతి లేకుండా, వారంలో, ఉన్న మనుషులతో చేయగలిగిన రెండు ఐడియాలే ఎంచుకోండి. ఒకదాని తర్వాత ఒకటి చేయండి. రెండూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో తెలియదు. ల్యాబ్‌లో అయితే, రెండు సెంటర్లకే ఒంటిగంటకో ట్రిప్పు, మూడున్నరకో ట్రిప్పు. మొదలుపెట్టే ముందే కాగితం మీద రాయాలి: 6 దాటిన రిపోర్టులు సగానికి తగ్గితే కొనసాగిస్తాం, పెట్రోలు ఖర్చు ఇంత దాటితే ఆపేస్తాం. ముందు రాయకపోతే వారం తర్వాత ఎవరికి నచ్చిన అంకె వాళ్లు చూపిస్తారు. ఫలించకపోతే మనం నిజమనుకున్నది ఏది తప్పిందో ఒక వాక్యం రాసి, పాత కాగితాలతో కలిపి ఫైల్లో పెట్టండి. రెండో ఐడియా మొదలుపెట్టే రోజు ముందు ఆ వాక్యమే చదవాలి.