నడుస్తున్న సర్వరులో లోపమున్న కోరును ఆపే ముందు జాగ్రత్తలు

బహుళ ప్రాసెసర్ల లినక్స్ సర్వరులో ఒక కోరు (ప్రాసెసరులో సూచనలను అమలుచేసే ఒక విభాగం) తరచూ తప్పులు చూపుతుంటే, యంత్రాన్ని ఆపకుండానే దానిని ఆఫ్‌లైన్ చేయవచ్చు, అంటే వాడకం నుంచి తప్పించవచ్చు. అయితే ముందుగా కొన్ని సరిచూసుకోవాలి.

తప్పు కోరుదా, మెమరీదా అన్నది హార్డ్‌వేర్ తప్పులు నమోదయ్యే మెషీన్ చెక్ లాగ్‌లో చూడాలి. సాధారణ ఈసీసీ మెమరీ (తప్పులను సరిదిద్దుకునే మెమరీ) 1 బిట్ తప్పును సరిదిద్దుతుంది, 2 బిట్ల తప్పును గుర్తించగలదు గానీ సరిదిద్దలేదు. సందేశాలు పదేపదే ఒకే మెమరీ స్లాటును చూపుతుంటే కోరును ఆపి ప్రయోజనం లేదు.

హైపర్‌త్రెడింగ్ (ఒకే కోరు సిస్టమ్‌కు రెండుగా కనిపించే పద్ధతి) ఉన్నచోట ఒక్క కోరుకు 2 నంబర్లుంటాయి గనుక, ఒకదాన్ని ఆపి దాని జంటను మరిచిపోతే లోపమున్న కోరు పనిచేస్తూనే ఉంటుంది. జంట నంబర్లు పక్కపక్కనే ఉంటాయని ఊహించకుండా (ఇది మామూలుగా జరిగే పొరపాటే) ఏ నంబర్లు జంటలో సిస్టమ్ చూపే జాబితా తెరిచి చూడాలి.

ఆ కోరుకే కేటాయించిన ప్రాసెస్‌లను ముందే మార్చాలి. లేకుంటే కెర్నల్ (లినక్స్‌లోని ప్రధాన భాగం) తానే వేరే కోర్లకు పంపుతుంది. మిగిలిన కోర్లు రద్దీ వేళ భారాన్ని మోయగలగాలి. కోరును ఆపిన ఈ మార్పు రీబూట్ తర్వాత నిలవదు.