తెల్ల పట్టీ టైర్ల మోజా? గ్రైండర్ పట్టుకునే ముందు ఒక్క నిమిషం

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడేసరికి పాత కార్లున్న వాళ్లందరికీ ఒకటే కోరిక పుడుతుంది. బండి కడిగి, పాలిష్ పెట్టి, క్రోమ్ బంపర్లు తళతళలాడేలా తుడిచాక చూస్తే టైర్లు మాత్రం నల్లగా, బోసిగా కనిపిస్తాయి. 1950ల నాటి అమెరికన్ కార్లకు ఉన్నట్టు వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటే మన అంబాసిడర్ కూడా జమీందారు బండిలా ఉంటుంది కదా అనిపిస్తుంది. నిజమైనవి కావాలంటే అమెరికా నుంచి తెప్పించుకోవాలి. టెనెసీ రాష్ట్రం చట్టనూగాలోని కోకర్ టైర్ లాంటి కంపెనీలు పాత సైజుల్లో తయారు చేసి అమ్ముతున్నాయి. ధర, షిప్పింగ్ లెక్క చూశాక చాలామంది ‘ఇంట్లోనే చేసేద్దాం’ అనుకుంటారు. తప్పేం లేదు, నేనూ అనుకున్నాను. కానీ చేసే పద్ధతుల్లో ఒకటి మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు దాని సంగతి.

ఇంటర్నెట్లో అమెరికా వాళ్లు టైరు పక్కభాగాన్ని గ్రైండర్‌తో అరగదీస్తే లోపలి నుంచి తెల్ల రబ్బరు బయటపడే వీడియోలు కనిపిస్తాయి. అది కనికట్టు కాదు. అక్కడ సన్నని తెల్ల గీత ఉన్న టైర్లు, తెల్ల అక్షరాల టైర్లు దొరుకుతాయి. వాటి పక్కగోడలో తయారీలోనే ఒక తెల్ల రబ్బరు పొర పెట్టి, పైన పల్చటి నల్ల పొర కప్పుతారు. ఫ్యాక్టరీలో ఆ నల్ల పొరను కావలసినంత మేర గీకితే గీత, అక్షరాలు తేలతాయి. వీడియోల్లో వాళ్లు చేసేది దాన్నే ఇంకాస్త వెడల్పు చేయడం. మన షాపుల్లో దొరికే మామూలు టైరులో ఆ తెల్ల పొరే ఉండదు. ఎంత గీకినా నలుపు తర్వాత నలుపే వస్తుంది. ఆ తర్వాత వచ్చేది దారం.

ఆ దారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టైరు పక్కభాగంలో దారాల మీద ఉండే రబ్బరు మందం కొన్ని మిల్లీమీటర్లే. గాలి ఒత్తిడిని పట్టి ఉంచేది ఆ దారాలే, రబ్బరు వాటికి ఒంటి మీద చొక్కా లాంటిది. అంబాసిడర్‌కు వచ్చే 5.90-15 సైజు టైరు కిలోమీటరుకు దాదాపు 470 సార్లు తిరుగుతుంది. అంటే 60 స్పీడులో వెళ్తుంటే పక్కగోడలోని ప్రతి చోటూ సెకనుకు ఏడెనిమిది సార్లు వంగి లేస్తుంది. మే నెల ఎండలో, వెనక సీట్లో నలుగురు పెళ్లివారు, డిక్కీలో సామాను ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ వంగుతుంది. గీకి పల్చబడిన చోటే ముందు వేడెక్కుతుంది, అక్కడే ఉబ్బు లేస్తుంది. సైడ్ కట్ పడిన టైరు తీసుకెళ్తే పంక్చర్ షాపతను ప్యాచ్ వేయనని తిప్పి పంపిస్తాడు. డబ్బులు ఖర్చుపెట్టి మరీ మనమే ఆ సైడ్ కట్ చేసుకోవడం ఎందుకు? ఇప్పటి కార్లకు మామూలుగా వచ్చే రేడియల్ టైరైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని పక్కగోడ మెత్తన, దారాల పొరలు మామూలుగా ఒకటో రెండో ఉంటాయి. పాత రకం నైలాన్ టైరులో దారాలు అడ్డదిడ్డంగా అల్లుకుని గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి పర్లేదంటారు కొందరు. నేను అననండి.

అమెరికాలో ఉంటూ అక్కడి పాత కారు కొనుక్కున్న మనవాళ్లకు ఒక మాట. లోపల తెల్ల పొర ఉందని తెలిసిన టైరైనా, ఆ పొర ఎంత వెడల్పుందో పైకి కనిపించదు. సన్న గీత కోసం పెట్టిన పొర నుంచి మూడంగుళాల పట్టీ రాదు. తెలుపు కనిపించిన చోటల్లా ఆగిపోవాలి. దారాల అల్లిక నీడలా కనిపించినా ఆ టైరును కారుకు వాడకండి. కారు వెనక భాగం జాకీ మీద లేపి, గేర్‌లో పెట్టి, తిరిగే చక్రానికి గ్రైండర్ ఆనించే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక చక్రం గాల్లో, ఇంకోటి నేల మీద ఉంటే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ ఇంజిన్ శక్తిని పంచే గేర్ల పెట్టె) వల్ల గాల్లో ఉన్న చక్రం మీటరు చూపించే స్పీడుకు రెట్టింపు తిరుగుతుంది. నేల మీది చక్రం కాస్త పట్టు అందుకుందంటే బండి జాకీ మీంచి ముందుకు దూకుతుంది.

మరి మనకు మిగిలిన దారి పెయింటు. నా మొదటి ప్రయత్నం ఇంటి గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్‌తో జరిగింది. ఫొటోల్లో అదిరింది. మూడో వారానికి ఎండిన చెరువులా నెర్రెలు బారి, ముక్కలుగా రాలింది. రబ్బరు వంగినప్పుడల్లా తనూ వంగే పెయింటే కావాలి. టైర్ల కోసమని చేసిన రబ్బరు ఆధారిత తెల్ల పెయింటు అడిగి తీసుకోండి. రెండు మూడు పల్చటి కోటింగులు వేయాలి, ఒకేసారి మందంగా వేస్తే ఊడుతుంది.

పెయింటు నిలవాలంటే కడగడంలోనే ఉంది అసలు పని. కొత్త టైరు మీద అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి పూసిన జారుడు పదార్థం ఉంటుంది, పాత టైరు మీద సిలికాన్ పాలిష్ ఉంటుంది. రెండింటి మీదా పెయింటు పట్టదు. సబ్బు నీళ్లు, గట్టి బ్రష్‌తో రుద్ది, ఆరాక స్పిరిట్ గుడ్డతో తుడవండి. పెట్రోలు, థిన్నర్ మాత్రం వద్దు. అవి రబ్బరును ఉబ్బిస్తాయి, టైరు పగుళ్లివ్వకుండా కాపాడే మైనాన్ని కడిగేస్తాయి. శాండ్‌పేపర్ అవసరమైతే చేత్తో, మెరుపు పోయేంత వరకే. ఆ కాస్త దుమ్ముకైనా ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. అందులోని కార్బన్ బ్లాక్‌ను క్యాన్సర్ కారకం అయ్యే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టారు.

పట్టీ గుండ్రంగా రావాలంటే చక్రాన్ని హబ్ (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) మీదే తిప్పుతూ పెన్సిల్ ఆనించడం తేలిక. అయితే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండు పెట్టండి. అంబాసిడర్ హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలను. వెనక భాగం లేపితే అది ఉన్నా లేనట్టే, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాల్సిందే. తువ్వాలు మెడలో వేసుకుని, లుంగీ కట్టుకుని కూర్చునే పని కాదిది. మొదలుపెట్టే ముందు టైరు మీది తయారీ వారం, సంవత్సరం చూసి రాసుకోండి. చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారం. పెయింటు కింద ఆ అంకెలు మాయమయ్యాక, పదేళ్ల టైరు కూడా కొత్త పెళ్లికొడుకులాగే కనిపిస్తుంది.

తెలుపు ఎప్పటికీ తెల్లగా ఉంటుందనుకోకండి. నల్ల రబ్బరులో కలిపే రక్షణ రసాయనాలు మెల్లగా పైకి ఊరి పెయింటుకు గోధుమ రంగు మరక పట్టిస్తాయి. అసలు వైట్‌వాల్ (తెల్ల పట్టీ) టైర్లలో తెలుపుకీ నలుపుకీ మధ్య మరక దాటనివ్వని రబ్బరు పొర ఉంటుంది, మన దగ్గర అది లేదు. అందుకే పెళ్లికి నెల ముందు కాదు, వారం ముందు వేయండి. వానాకాలం తేమలో వేస్తే బుడగలొస్తాయి. మిట్ట మధ్యాహ్నం కాలుతున్న టైరు మీద వేస్తే బ్రష్ గీతలు అలాగే ఉండిపోతాయి. పొద్దున్నే నీడలో వేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి.

పెయింటు గొడవ లేకుండా రిమ్‌కీ టైరుకీ మధ్య బిగించే తెల్ల రబ్బరు రింగులు కూడా ఉన్నాయి. ఊరేగింపులో నడక వేగంతో వెళ్లే కారుకు సరే. హైవే మీద స్పీడులో వాటి అంచులు లేచి కొట్టుకుంటాయి, లోపల ఇరుక్కున్న మట్టి టైరును రంపంలా కోస్తుంది. ట్యూబ్‌లెస్ టైరైతే గాలి కూడా దిగుతుంది. ఊరేగింపు అయ్యాక ఊడదీసి, కింద గాడి పడిందేమో వేలితో తడిమి చూడండి.

స్టెప్నీకి కూడా పెయింటు వేయడం మరిచిపోకండి. మా బావమరిది పెళ్లి ఫొటోల్లో మూడు తెల్ల చక్రాలు, ఒక నల్ల చక్రంతో నా కారు ఇప్పటికీ అలాగే ఉంది.