షాకుహాచి స్వరలిపికి సొంత ఫాంట్ చేసుకోవడం ఎలా

బెంగళూరుకొచ్చాక మన వేణువు పక్కన పెట్టి షాకుహాచి పట్టుకున్నాను. ఇది జపాన్ వాళ్ళ నిలువు వెదురు వేణువు, ముందు నాలుగు రంధ్రాలు, వెనక ఒకటి. చాలాకాలం స్వరాలు చేత్తోనే రాసుకున్నాను. మా వీధిలో ఇంకో ఇద్దరు నేర్చుకోవడం మొదలుపెట్టాక నా నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, పాపం వాళ్ళకి తాళం చుక్కలే కనిపించేవి కావు. దాంతో ఫాంట్ చేద్దామని కూర్చున్నాను. మూడు వారాంతాలు పట్టింది. ఎక్కడ ఇరుక్కుంటారో ముందే చెప్పేస్తాను కాబట్టి మీకు అంత పట్టదు.

ముందు ఈ లిపి సంగతి తెలియాలి. పై నుంచి కిందికి రాస్తారు, వరుసలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి. స్వరాల పేర్లు రో, త్సు, రే, చి, రి. ఇవన్నీ జపాన్ లిపుల్లో ఒకటైన కతకానా అక్షరాలే. మామూలుగా వాడే వేణువు పొడవు 1.8 షాకు (జపాన్ పాత కొలత), అంటే సుమారు 54.5 సెంటీమీటర్లు. దాని మీద రో నుంచి రి వరకు వరసగా ఊదితే అచ్చంగా మన శుద్ధ ధన్యాసి ఆరోహణ వినిపిస్తుంది (మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది). ఈ పేర్లు కింకో అనే షాకుహాచి సంప్రదాయానివి. 1896లో నకావో తోజాన్ మొదలుపెట్టిన తోజాన్ సంప్రదాయంలో ఆఖరి స్వరాన్ని రి అనరు, హా అంటారు, తాళం గుర్తులు కూడా వేరు. రెండింటికీ ఒకే ఫాంట్ చేయబోతే ఏదీ తేలదు, ఒకటి ఎంచుకోండి. నేను కింకో ఎంచుకున్నాను, కింద చెప్పేదంతా దాని గురించే.

అసలు కిటుకు మనకు చిన్నప్పుడే తెలుసు, గుణింతం. క రాసి దీర్ఘం పెడతాం, కొమ్ము పెడతాం, అంతేగానీ ప్రతి గుణింతానికీ కొత్త అక్షరం కనిపెట్టం కదా. ఇక్కడా స్వరం ఒకటి, దాని పక్కన తాళం చుక్క, స్వరాన్ని కిందికి దించి ఊదాలని చెప్పే మేరి గుర్తు, ఇవన్నీ విడివిడి ముక్కలు. నేను మొదట్లో చుక్క కుడివైపున్న రో, ఎడమవైపున్న రో, మేరి ఉన్న త్సు అంటూ ఒక్కో కలయికా విడిగా గీస్తూ పోయాను. నలభై దాటాక, రో పెట్టె కొంచెం వెడల్పుగా ఉంటే బాగుంటుందనిపించింది. అన్నీ మళ్ళీ గీయాలని అర్థమయ్యేసరికి నీరుగారిపోయాను. ముక్కలుగా చేస్తే ఒక్కచోట మారిస్తే చాలు.

రెండో సంగతి, కోడ్లు. దయచేసి ఇంగ్లిష్ కీల మీద స్వరాలు కూర్చోబెట్టకండి. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో తెలుగు టైపు చేసినవాళ్ళకి ఆ బాధ తెలుసు, ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పేజీ అంతా పిచ్చి గుర్తులే. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఉంటుంది, స్వరాలను వాటి సొంత కతకానా స్థానాల్లోనే పెట్టండి: రో 30ఈడీ, త్సు 30సీ4, రే 30ఈసీ, చి 30సీ1, రి 30ఈఏ, మేరికి వాడే మే 30ఈ1. ఫాంట్ లేనివాళ్ళకి కూడా కనీసం అక్షరాలు కనిపిస్తాయి. తాళం చుక్కలకు యూనికోడ్‌లో ఇప్పటికే ఉన్న పై చుక్క 0307, కింది చుక్క 0323 వాడుకోండి. కింకోలో దెబ్బలు ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు పడతాయి కాబట్టి నా ఫాంట్‌లో పై చుక్కను కుడిపక్కన గీశాను, కింది చుక్కను ఎడమపక్కన. సొంత వాడకానికి ఖాళీగా వదిలిన 6,400 స్థానాల్లో చుక్కలు పెట్టాలనిపిస్తుంది, కానీ వద్దు. అక్కడి గుర్తులు ఏ లిపివో ప్రోగ్రాములకు తెలియదు, అందుకని కొన్ని ప్రోగ్రాములు చుక్కను స్వరం నుంచి విడదీసేస్తాయి.

ఇక గీయడం. బ్రష్ పెన్నుతో తెల్లకాగితం మీద ఒక్కో స్వరం పది పదిహేనుసార్లు రాసి, వాటిలో బాగున్నది తీసుకోండి. రో అంటే చదరపు పెట్టె. త్సుకి పైన రెండు చిన్న గీతలు, కుడి నుంచి ఎడమకు వంగి దిగే పొడుగు గీత ఒకటి. రే నిలువుగా దిగి కుడివైపు పైకి లేస్తుంది. రి అంటే రెండు నిలువు గీతలు, ఎడమది పొట్టి, కుడిది పొడుగు. స్కాన్ చేసి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో ట్రేస్ చేయండి, తర్వాత నోడ్లు (గీతను పట్టి ఉంచే బిందువులు) బాగా తగ్గించండి. అచ్చయిన పుస్తకాల నుంచి అక్షరాలు ట్రేస్ చేయొద్దు, అది వేరేవాళ్ళ కష్టం. చేతిరాత బాగాలేదనుకుంటే నోటో జపనీస్ ఫాంట్ల నుంచి ఆకారాలు తీసుకోవచ్చు. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి మీ ఫాంట్‌నీ అదే లైసెన్స్‌తో ఇవ్వాల్సి ఉంటుంది.

ఫాంట్లు చేసే ఫాంట్‌ఫోర్జ్ ప్రోగ్రాం ఉచితం, దీనికి అది చాలు. కొత్త ఫైలు తెరిచి, ఫాంట్ ఇన్ఫోలో ఎమ్ సైజు (అక్షరం గడి కొలత) 1000 పెట్టి, అక్కడే వర్టికల్ మెట్రిక్స్ టిక్కు పెట్టండి. ఈ టిక్కు మర్చిపోతే నిలువు కొలతలు ఫాంట్‌లోకి ఎక్కవు. ప్రతి స్వరానికి వెడల్పు 1000, కానీ అక్షరాన్ని 180 నుంచి 820 మధ్యలోనే ఇమిడ్చండి, రెండు పక్కలా చుక్కలకు చోటు కావాలి కదా. ఇంక్‌స్కేప్‌లో చేసిన ఎస్‌వీజీ బొమ్మలు ఇంపోర్ట్ చేశాక రిమూవ్ ఓవర్‌ల్యాప్, యాడ్ ఎక్స్‌ట్రీమా, కరెక్ట్ డైరెక్షన్ నడపండి. రో పెట్టె లోపల నల్లగా నిండిపోయి కనిపిస్తే డైరెక్షన్ తప్పిందన్నమాట.

చుక్కలు అతకడానికి లుకప్స్‌లో (అక్షరాలను ఎలా కలపాలో చెప్పే నియమాలు) మార్క్ టు బేస్ రకం ఒకటి చేర్చి, ఫీచర్‌గా (ఆ నియమం ఏ పనికో చెప్పే పేరు) మార్క్ ఇచ్చి, లిపుల్లో కానా (కతకానాకి వాడే పేరు), డిఫాల్ట్ రెండూ రాయండి. కుడి, ఎడమ అని రెండు యాంకర్లు (చుక్క వచ్చి అతుక్కునే బిందువులు) చాలు, ప్రతి స్వరం మీదా ఒకే ఎత్తులో పెట్టండి. చుక్క వ్యాసం 110 యూనిట్లు ఉంటే ఎ4 కాగితం మీద కళ్ళు చికిలించకుండా కనిపిస్తుంది. చుక్కల గ్లిఫ్ (ఫాంట్‌లో గీసిన ఆకారం) క్లాస్‌ను మార్క్‌గా మార్చండి. వాటి వెడల్పు సున్నా చేసి ఊరుకోకండి, మెట్రిక్స్ మెనూలో సెట్ వర్టికల్ అడ్వాన్స్ నొక్కి నిలువు కొలత కూడా సున్నా చేయండి. నేను మొదటిది చేసి రెండోది మరిచిపోయాను. దాంతో ఒక ప్రోగ్రాంలో చుక్క ఉన్న ప్రతి స్వరం కింద ఒక గడి ఖాళీ వచ్చింది, పాట మధ్యలో ఊపిరి పీల్చుకోమన్నట్టు.

మేరి దగ్గర నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. త్సు పక్కన చిన్న మే రావాలి. త్సు తర్వాత మే టైపు చేస్తే రెండూ కలిసిన గ్లిఫ్ వచ్చేలా లిగా అనే ఫీచర్‌లో రాశాను. అడ్డంగా పెడితే చక్కగా కలుస్తోంది, నిలువుగా తిప్పగానే విడిపోతోంది. ఫాంట్ మళ్ళీ మళ్ళీ జనరేట్ చేశాను, బ్రౌజర్ మార్చాను, లాభం లేదు. అసలు కారణం ఏంటంటే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నింట్లో అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, అది నిలువు రాతలో లిగాని దానంతటది అమలు చేయదు. అదే లుకప్‌ను సీసీఎంపీ ఫీచర్ కింద పెడితే నిలువైనా అడ్డమైనా పనిచేస్తుంది. మార్చిన రెండు నిమిషాల్లో త్సు పక్కన బుజ్జి మే వచ్చి కూర్చుంది. కలిసిన ఆ గ్లిఫ్‌కి క్లాస్ బేస్ గ్లిఫ్ అని ఇచ్చి, దాని మీద కూడా రెండు యాంకర్లు పెట్టండి. టైపు చేసేటప్పుడు మే ముందు, చుక్క తర్వాత, వరుస తప్పితే కలవవు.

కింది స్థాయికి ఓత్సు, పై స్థాయికి కాన్ గుర్తులు మామూలు చైనీస్ అక్షరాలే, వాటి స్థానాల్లోనే చిన్న సైజులో గీసేయండి. స్వరాల వెంట దిగే లయ గీతల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, పేజీ తయారయ్యాక ఇంక్‌స్కేప్‌లో గీసుకోవచ్చు.

పరీక్షకు ఒక హెచ్‌టీఎంఎల్ పేజీలో రైటింగ్-మోడ్ వర్టికల్-ఆర్‌ఎల్ అని ఇచ్చి, రో చుక్క, త్సు మే చుక్క, రే, చి చుక్క అని ఒక వరుస పెట్టి చూడండి. లిబ్రెఆఫీస్ అయితే ముందు సెట్టింగుల్లో ఆసియా భాషలు ఆన్ చేయాలి, అప్పుడే పేజీ స్టైల్‌లో నిలువు దిశ కనిపిస్తుంది.

ప్రింటుకి వెళ్ళేటప్పుడు పీడీఎఫ్‌లో ఫాంట్ ఎంబెడ్ అయిందో లేదో చూసుకోండి. అవెన్యూ రోడ్డు వైపు ఒక షాపుకి నేను మామూలు డాక్యుమెంట్ ఫైలే పట్టుకెళ్ళాను. వాళ్ళ కంప్యూటర్లో ఫాంట్ లేక చుక్కలన్నీ అక్షరాల నెత్తినెక్కాయి, చిన్న మేలన్నీ పెద్దవైపోయాయి. అయినా ఆ కాగితం చూస్తూనే మా వాళ్ళలో ఒకరు మొదటి వరుస ఊదేశారు, స్వరాలు వాటి సొంత కోడ్లలో ఉన్నాయి కాబట్టి.