చిన్న స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు – మూడవ పాఠం: సైజు, బరువు, రబ్బరు

గత పాఠంలో పాత టైర్ల అరుగుదలను పరిశీలించడం నేర్చుకున్నాము. అరచేతిని ట్రెడ్ (టైరులో నేలను తాకే గాడుల భాగం) మీద అడ్డంగా అటూ ఇటూ నిమిరినప్పుడు ఒక దిశలో నునుపుగానూ, ఎదురు దిశలో రంపపు పళ్లలా గరుకుగానూ తగిలితే, ముందు వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాలు) సరిచేయించండి. ఆ పని చేయకుండా కొత్త టైర్లు వేయిస్తే అవి కూడా అదే తీరున అరిగిపోతాయి.

ఇక ఈ పాఠంలోకి వద్దాము. టైరు పక్కన 195/50 ఆర్15 82 వి అని ఉందనుకుందాము. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 50 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 50 శాతమని, అనగా 97.5 మిల్లీమీటర్లని అర్థం. ఆర్ అక్షరం రేడియల్ నిర్మాణాన్ని (లోపలి దారాలు టైరుకు అడ్డంగా సాగే కట్టును), 15 రిమ్ము వ్యాసాన్ని అంగుళాలలో తెలుపుతాయి. 82 అనే సూచిక ఒక్కొక్క టైరు 475 కిలోల వరకు మోయగలదని, వి అక్షరం గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని చెబుతాయి. తయారీదారు నిర్ణయించిన బరువు సూచిక కన్నా, వేగపు అక్షరం కన్నా తక్కువ స్థాయి టైరును ఎన్నడూ ఎంచుకోవద్దు.

మొత్తం వ్యాసం లెక్కించడం తేలికే. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. దానికి పైనా కిందా ఉండే రెండు సైడ్‌వాల్‌ల ఎత్తు 195 కలిపితే 576 అవుతుంది. అదే రిమ్ముకు 205/50 వేస్తే వ్యాసం 586కు పెరుగుతుంది. తేడా రెండు శాతం లోపే అయినా చక్రం ఒక్కో చుట్టుకు కాస్త ఎక్కువ దూరం పోతుంది కనుక, స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఆ మేరకు తక్కువ చూపే వైపు జరుగుతుంది, గేర్ల లాగుడు కూడా ఆ మేరకు మందగిస్తుంది.

చాలామంది పొరబడేది వెడల్పు దగ్గరే. టైరు నేలను తాకే విస్తీర్ణం ప్రధానంగా దాని మీద పడే బరువును, లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. వెడల్పు పెంచినప్పుడు ఆ ముద్ర అడ్డంగా సాగి, పొడవులో కురచ అవుతుందే తప్ప అదే నిష్పత్తిలో పెద్దది కాదు. టన్ను బరువున్న కారు వెడల్పాటి టైరును నేలకు గట్టిగా అదమలేదు. అందువల్ల నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే ప్రమాదం పెరుగుతుంది, రబ్బరు వేడెక్కడమూ ఆలస్యమవుతుంది. 195 టైర్లతో వచ్చిన తేలికైన కారుకు నేను ఒకసారి 205 టైర్లు వేయించాను. చూడటానికి నిండుగా ఉన్నాయి కానీ, మలుపులో వేళ్లకు అందవలసిన రోడ్డు స్పర్శ మొద్దుబారింది. లారీలు తొక్కిన చాళ్ల వెంబడి స్టీరింగ్ తనంతట తానే లాగసాగింది. పాత సైజుకు తిరిగి వచ్చాకే ఆ కారు నాకు మళ్లీ నచ్చింది. చిన్న కారు అందం దాని తేలికదనంలోనే ఉందని నా గట్టి నమ్మకం; ఆ తేలికదనాన్ని కాపాడే టైరే దానికి తగినది.

రబ్బరు విషయంలోనూ బరువునే దృష్టిలో ఉంచుకోవాలి. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అది తక్కువైతే రబ్బరు త్వరగా అరుగుతుందని, సాధారణంగా పట్టు ఎక్కువని భావించవచ్చు. అయితే ఈ అంకెను ఎవరి టైరుకు వారే నిర్ణయించుకుంటారు కనుక రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. ట్రాక్ కోసం చేసిన మెత్తని రబ్బరు వేడెక్కితేనే పూర్తి పట్టునిస్తుంది. రోజువారీ ప్రయాణంలో, అందునా చల్లని తడి రోడ్డు మీద, తేలికైన కారు ఆ వేడిని పుట్టించలేదు. వేసవి టైర్ల (వెచ్చని వాతావరణానికి చేసినవాటి) రబ్బరు, ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే బిగుసుకుపోతుంది. రోడ్డు మీదనే నడిపేవారు తడిలో ఆగే దూరం తక్కువగా ఉన్న మంచి వేసవి టైరును ఎంచుకోవడమే మేలు.

కొనే ముందు టైరు పుట్టిన తేదీ చూడండి. డాట్ (DOT) అనే అక్షరాల తరువాత వచ్చే సంకేతం చివర 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పూర్తి సంకేతం చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి వైపుకు వచ్చిందంటే కారు కింద టార్చి వేసి వెతకవలసిందే, కనుక బిగించక ముందే చదవడం ఉత్తమం. నాలుగూ ఒకే రకానివి కావాలి. రెండే మార్చగలిగితే కొత్తవి వెనుక వేయించండి, ఎందుకంటే తడిలో వెనుక చక్రాలు జారితే కారును అదుపు చేయడం చాలా కష్టం.

అభ్యాసం: 185/60 ఆర్14 టైరు వ్యాసం కట్టండి. 577.6 వస్తే మీ లెక్క సరైనది. దానిని పైన కట్టిన 576తో పోల్చి, 14 అంగుళాల రిమ్ము నుండి 15కు మారేవారు సైడ్‌వాల్ ఎత్తును ఎంత తగ్గించుకుంటున్నారో రాసి ఉంచండి. గాలి ఒత్తిడి గురించిన వచ్చే పాఠాన్ని ఆ అంకెతోనే మొదలుపెడదాము.