ఇటలీలో కాఫీ తాగాలంటే ముందు కుర్చీని మరిచిపోండి

మిలాన్‌కో, తూరిన్‌కో, పదోవాకో చదువుకి దిగిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ! మొదటి వారంలోనే ఒక చిన్న కాఫీకి నాలుగైదు యూరోలు కట్టి లబోదిబోమంటున్నారు. మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. మీరు కూర్చున్నారు, అంతే.

డాలస్‌లో ఉన్న బావగారు "కాఫీ షాపులో ల్యాప్‌టాప్ తెరుచుకుని సాయంత్రం దాకా చదువుకోవచ్చు" అని చెప్పే ఉంటారు. అది అమెరికా మాట. అక్కడ కప్పు ధరలోనే కుర్చీ అద్దె, వైఫై, ఛార్జింగ్ ప్లగ్గు అన్నీ కలిసి ఉంటాయి. అందుకే కప్పూ పెద్దదే: పేరున్న గొలుసు దుకాణాల్లో 'టాల్' అనే సైజే దాదాపు 350 మి.లీ. ఇటలీలో కాఫీ వేరు, కుర్చీ వేరు. కౌంటర్ దగ్గర నిలబడి తాగడాన్ని 'అల్ బాంకో' అంటారు. అలా తాగితే చాలా ఊళ్ళలో కాఫీ ఒకటింబావు యూరో అటూ ఇటూ. అదే కాఫీ 'అల్ తావొలో', అంటే బల్ల దగ్గరికి తెప్పించుకుంటే రెట్టింపు కావచ్చు, పర్యాటకులు తిరిగే కూడలిలో అంతకు మించీ కావచ్చు. వెనిస్‌లో సాన్ మార్కో కూడలి దగ్గర 1720 నుంచి నడుస్తున్న ఫ్లోరియన్ అనే కాఫీ హోటల్లో బయట వాద్యబృందం వాయిస్తుంటే ఆ సంగీతానికీ బిల్లులో విడిగా పడుతుంది. పేటల్లోని చిన్న బార్లలో కొన్ని బల్లకి ఏమీ వెయ్యవు. గోడ మీది ధరల పట్టీలో రెండు వరుసలు ఉన్నాయేమో చూసుకుని, ఆ తర్వాత కూర్చోండి. చదువుకోవడానికైతే యూనివర్సిటీలో 'ఔలా స్తూదియో' అనే చదువుల గది ఉంటుంది. అక్కడ కుర్చీ ఊరికే.

అన్నట్టు, కాఫీ దొరికే చోటుని ఇక్కడ 'బార్' అంటారు. పొద్దున్నే ఫోన్లో అమ్మకి "బార్‌లో ఉన్నా" అని చెప్పకండి.

రైల్వే స్టేషన్లలో, రద్దీ బార్లలో ముందు 'కస్సా' దగ్గర డబ్బు కట్టాలి. వాళ్ళిచ్చే రసీదు పేరు 'స్కొంత్రీనో'. దాన్ని కౌంటర్ మీద పెట్టి ఏం కావాలో మళ్ళీ నోటితో చెప్పాలి. రసీదు లేకుండా కౌంటర్ దగ్గర ఎంతసేపు నిలబడ్డా మీ వైపు చూడరు. అది పొగరు కాదు, వరస తప్పింది మీరే. పేట బార్లలో తాగాకే కడతారు. ఏ పద్ధతో తెలియకపోతే మీ ముందు మనిషిని చూడండి. టిప్పు అక్కర్లేదు, బుద్ధి పుడితే ఒక చిల్లర నాణెం. అమెరికాలోలాగా 18, 20, 25 శాతం అని తెర తిప్పి మీ మొహానికి పెట్టరు, రాసిన ధర మీద పన్నూ కలపరు.

ఇక పేర్లు. 'ఉన్ కఫ్ఫే' అంటే ఎస్ప్రెస్సో: ఏడు గ్రాముల పొడి, పాతిక సెకన్లు, పాతిక ముప్పై మి.లీ. మన డికాక్షన్ పాలు లేకుండా తాగినట్టుంటుంది. చక్కెర వేసుకోండి, వాళ్ళూ వేసుకుంటారు. 'లాత్తె' అని అడిగితే పాలే వస్తాయి, ఒట్టి పాలు. కాఫీ కలిసినది కావాలంటే 'కఫ్ఫెలాత్తె'. 'మక్యాతో' అంటే అమెరికాలో వెనిలా, క్యారమెల్ పోసిన గ్లాసు గుర్తొస్తుంది. ఇక్కడది అదే బుల్లి కప్పు, పైన పాల మరక. 'కొర్రెత్తో' పేరు చూసి ఇదేదో సరైన కాఫీ అనుకోకండి, అందులో గ్రాప్పా లాంటి సారా పోస్తారు. పెద్ద కప్పే కావాలంటే 'అమెరికానో' అనండి, ఎస్ప్రెస్సోకి వేడినీళ్ళు కలిపిస్తారు. అది అమెరికాలో పొడి మీద వేడినీళ్ళు పోసి వడగట్టే డ్రిప్ కాఫీ రుచి ఇవ్వదు. ఎస్ప్రెస్సో ఘాటుకి భయపడి అటు వెళ్తుంటారు గానీ, మొత్తం కెఫీన్ 350 మి.లీ. డ్రిప్ కాఫీలోనే ఎక్కువ.

గదిలో చేసుకోవడానికి మోకా కొనుక్కోండి, అంటే కింది పాత్రలో నీళ్ళు కాగి పొడి గుండా పైపాత్రలోకి ఎక్కే కాఫీ గిన్నె. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియంది వేడెక్కదు, దానికి పనికొచ్చే స్టీలుదే తీసుకోవాలి. కింది పాత్రలో నీళ్ళు వాల్వు దాటకూడదు. పొడి జల్లెడ నిండా వెయ్యండి, మన ఫిల్టర్లోలాగా అదిమి నొక్కకండి. నొక్కితే నీళ్ళు పైకి రాలేక కాఫీ మాడుతుంది. సన్నని సెగ మీద పెట్టి, గురగుర మొదలవగానే దించెయ్యాలి. కొత్త మోకాలో మొదటి రెండు మూడు వాయిలు పారబోయండి. చికోరీ రుచి రాదు, కానీ వేడి పాలు కలిపితే ఇంటి కాఫీకి దగ్గరగా వస్తుంది.

పదకొండు దాటాక కపుచీనో అడిగితే తిడతారని కొందరు బెదిరిస్తారు. ఎవరూ తిట్టరు. భోజనం మీద అన్ని పాలేమిటని ఒక చూపు చూస్తారు, కప్పు మాత్రం ఇస్తారు. తప్పు చెప్పినా నిలబడి తాగినంత కాలం పోయేది ఒకటిన్నర యూరో. రోజూ ఒకే బార్‌కి వెళ్తుంటే కొన్నాళ్ళకి కౌంటర్ వెనకాయన మీరు నోరు తెరవకముందే సాసర్ పెడతాడు. అప్పుడు కూడా ఆ కుర్చీ వైపు చూడకండి.